మహారాజశ్రీ గోల్ఫ్ టీ గారి సముఖమునకు

అయ్యా,

అనంతపురం నుండి ఒక విశ్రాంత స్టోర్స్ గుమాస్తా నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు చెక్కతో ఉన్నా, ప్లాస్టిక్‌తో ఉన్నా, వెదురుతో ఉన్నా క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. మా ఊళ్ళో టీ అంటే గ్లాసులో పోసి ఇచ్చేదే గనుక, గోల్ఫ్ బంతిని కొట్టే ముందు దాన్ని నిలబెట్టడానికి నేలలో గుచ్చే చిన్న పుల్లకు కూడా అదే పేరని వినడం నాకు ఇదే మొదలు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కొత్తగా గోల్ఫ్ మరిగిన మా మేనల్లుడు మొన్న సంక్రాంతికి వచ్చి, నట్టింట్లో మూడు ప్యాకెట్లు పరిచి, "మామా, చెక్కవి తీసుకోవల్లనా, ప్లాస్టిక్‌వా, వెదురువా? నెల నుంచి ఆలోచిస్తాండా, తెగడం లేదు. నువ్వే చెప్పు" అన్నాడు. ముప్పై రెండేళ్ళ పాటు గుండుసూది మొదలు బీరువా దాకా దేన్నీ మూడు కొటేషన్లు లేకుండా కొననివ్వని వాణ్ణి గనుక, పింఛను తీసుకుని నిద్రపోతున్న నాలోని గుమాస్తా ఆ మాటతో లేచి కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ముందుగా తమరి ఉద్యోగ బాధ్యతలేమిటో రాసుకున్నాను. ఆటలో వాడే బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదట, అంటే మన తులాల్లో చెప్పుకుంటే నాలుగుకు కాస్త తక్కువ. ఆ నాలుగు తులాలను నెత్తిన పెట్టుకుని, ఆటగాడు నడుము సవరించుకుని, గాలి చూసుకుని, రెండుసార్లు ఉత్తుత్తిగా కర్ర ఊపి, మూడోసారి నిజంగా కొట్టే దాకా కదలకుండా నిలబడడమే తమరి కొలువు. కర్రకూ బంతికీ మధ్య జరిగే స్పర్శ సెకనులో సుమారు రెండు వేలవ వంతు. ఆ తరువాత బంతి దారి బంతిది, తమరి దారి తమరిది. అదీ బంతిని చేర్చాల్సిన ప్రతి గుంతకూ మొదటి దెబ్బకు మాత్రమే, ఆ మొదటి దెబ్బ కొట్టే చోట మాత్రమే తమరికి ప్రవేశం. ఇంత చిన్న కొలువుకు మా మేనల్లుడు నెల రోజులు నిద్ర మానుకున్నాడు. వాడి పెళ్ళిచూపులు కూడా ఒక్క పూటలో తేలాయి.

ఆట నియమావళి తమరిని నాలుగు అంగుళాలకు మించి పెరగనివ్వదు. బంతి కదలికను అనుచితంగా ప్రభావితం చేసేలాగానీ, ఆటగాడికి మరో విధంగా సాయపడేలాగానీ తమరిని తయారు చేయకూడదని కూడా అందులోనే ఉంది. వెదురు ప్యాకెట్టు మీద మాత్రం బంతి ఇంకా దూరం పోతుందని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. సాయం చేస్తే నియమం ఒప్పుకోదు, చేయకపోతే ప్యాకెట్టు అబద్ధమవుతుంది. ఇలాంటి కొటేషన్ నా బల్ల మీదికి వచ్చి ఉంటే పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి పంపి ఉండేవాణ్ణి.

తమరి వంశవృక్షాన్ని కూడా కొంత తవ్వాను. 1899లో బోస్టన్‌లో తమరికి పేటెంటు సంపాదించిన జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ గారు పళ్ళ డాక్టరు. హార్వర్డ్‌లో చదివి అక్కడే పాఠం చెప్పిన నల్లజాతి విద్వాంసుడు. చెక్క మేకుకు పైన రబ్బరు తల తొడిగి, చేయించినవాటిని స్నేహితులకు పంచిపెట్టారే తప్ప అమ్ముకోలేదు. ఆ తరువాత 1920లలో తమరిని ఎర్రరంగులో ముంచి బజారుకెక్కించిన విలియం లోవెల్ గారూ పళ్ళ డాక్టరే. వాల్టర్ హేగన్ లాంటి పేరున్న ఆటగాడికి డబ్బిచ్చి ఆయన చేత వాడించబట్టి తమరు జనానికి తెలిశారు. పళ్ళ డాక్టర్లకు చిన్న చెక్క పుల్ల మీద ఇంత మమకారం ఎందుకో అమెరికా వాళ్ళకు అంతుపట్టి ఉండదు గానీ, పొద్దున్నే వేప పుల్ల నములుతూ ఈ లేఖ రాస్తున్న నాకు అందులో వింతేమీ కనబడలేదు.

ఇక కొటేషన్ల సంగతికి వస్తాను. ప్లాస్టిక్ తమరు విరగరు, ఒక ప్యాకెట్టుతో ఏడాది గడుస్తుంది, వెలలో చవక, అన్నీ ఒప్పుకుంటాను. అయితే కర్ర మొహాన తమరి రంగు గీతలుగా అంటుకుంటుందనీ, గడ్డిలో పడి ఉంటే కోత యంత్రం బ్లేడుకు తగులుతారనీ మేనల్లుడే చెప్పాడు. మన దేశంలో 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ ఐస్‌క్రీం పుల్లలు, చెవి పుల్లలు, చివరకు పిల్లల బుడగలకు కట్టే పుల్లలు కూడా నిషేధించారు. ఆ జాబితాను మూడుసార్లు చదివాను, తమరి పేరు కనబడలేదు. తిరునాళ్ళలో బుడగలు అమ్ముకునేవాడి పుల్ల దొరికిపోయింది, తమరు మాత్రం దర్జాగా తప్పించుకున్నారు. ఇంతకంటే ఈ విషయంలో నేనేమీ రాయను, పింఛనుదారుణ్ణి.

వెదురు వేషంలో వచ్చిన తమరి మీద నాకు కొంత గౌరవం ఉంది. గట్టివారు, త్వరగా పెరిగే గడ్డిజాతి వారు. శాస్త్రం గడ్డి అంటుంటే 1927 నాటి అటవీ చట్టం తమరిని చెట్లలో కలిపింది. అడవి బయట పెరిగే వెదురు చెట్టు కాదని ఒప్పుకోవడానికి ఆ చట్టానికి 2017 దాకా తొంభై ఏళ్ళు పట్టింది. ఫైలు కదలడానికి అంత కాలం పట్టిన వస్తువంటే నాలాంటివాడికి సహజంగానే ఆత్మీయత. మొక్కజొన్న పిండితో చేసిన, మట్టిలో కలిసిపోయే తమరి తమ్ముళ్ళు కూడా ఉన్నారట. కలిసిపోవడానికి తడి కావాలి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన కళ్ళజూడడమే గొప్ప అయిన మా జిల్లాలో కుళ్ళడం కూడా ఒక విలాసమే. ఇక్కడ చెక్కను మట్టిలో కలిపే పని చెదలు చూసుకుంటాయి, వాటికి మొక్కజొన్న రుచి అలవాటు లేదు. కడప పక్క ఎర్రచందనంతో తమరిని చేయించవచ్చన్న ఆలోచన ఇంతవరకూ ఎవరికీ రాకపోవడం మనందరి అదృష్టం. వస్తే తమరి వెంట కూడా టాస్క్‌ఫోర్సు తిరుగుతుంది.

కాగితం మీద తేలనప్పుడు నమూనా పరీక్ష చేయాలి గనుక, కనుమ మరునాడు పొద్దున ముగ్గురినీ మా పొలానికి తీసుకుపోయాం. వేరుశనగ పీకేసి రెండు నెలలైన ఎర్ర గరుసు నేల అది. మేనల్లుడు బంతిని అరచేతిలో ఇరికించుకుని, చెక్క తమరిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, బెంగళూరు పచ్చికలో అలవాటైనట్టు ఒక్క నొక్కు నొక్కాడు. మెడ దగ్గర టప్పున విరిగి, తల బంతితో పాటు వాడి చేతిలోనే ఉండిపోయింది. ప్లాస్టిక్ తమరు విరగలేదు, నమస్కారం పెడుతున్నట్టు పక్కకు వంగారు. వెదురు తమరు అర అంగుళం దిగి, అక్కడ ఒక గులకరాయి ఎదురైతే మొన చీలి చీపురు పుల్లల్లా విచ్చుకున్నారు. పొలం చూసుకునే పెద్దాయన ఇదంతా చూసి, "యాడ దిగుతాదప్పా అది, వాన పడల్ల గదా" అంటూ గడ్డపార తెచ్చి ఒక్క పోటు పొడిచాడు. ఆ బొక్కలోకి ఇంకో చెక్క తమరిని వదిలితే తలతో సహా మాయమయ్యారు. ఇంకా భూమిలోనే ఉన్నారు.

అప్పుడు ఆ పెద్దాయన మోటారు గది దగ్గర ఉన్న ఇసుక కుప్పలోంచి గుప్పెడు తెచ్చి, చెంబులో నీళ్ళు చిలకరించి, పిల్లలు పిచ్చుకగూడు కట్టినట్టు వేళ్ళతో చిన్న గోపురం చేసి, దాని నెత్తిన బంతిని నిలబెట్టాడు. అది నిలబడింది. స్కాట్లాండులో తమరు పుట్టక మునుపు ఆటగాళ్ళు పెట్టెలోంచి తడి ఇసుక తీసుకుని సరిగ్గా ఇలాగే చేసేవారని ఆయనకు తెలియదు, తెలిసిన నేను చెప్పలేదు. అక్కడే 1889లో బ్లాక్సమ్, డగ్లస్ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్న తమరి మొదటి అవతారం నేలలోకి దిగే పని లేకుండా నేల మీద పడుకునే రబ్బరు పలక. వాళ్ళు అనంతపురం చూసి ఉండరు గానీ, చూసినట్టే ఆలోచించారు. మేనల్లుడు కొట్టిన బంతి కంది సాళ్ళలో పడి దొరకలేదు. వెల అడిగితే వాడు చెప్పలేదు.

ప్యాకెట్లు మా ఇంట్లోనే వదిలేసి వాడు బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే మా వంటింటి తలుపు బందు ఊడింది. స్క్రూ బొక్క వదులై, ఎంత బిగించినా నిలవడం లేదు. వచ్చిన వడ్రంగి గూట్లో ఉన్న చెక్క తమరిని చూసి, "ఇది భలే ఉందే సార్" అని, బంక పూసి బొక్కలోకి సుత్తితో దిగ్గొట్టి, పైకి మిగిలిన తలను కోసేసి, ఆరిన తరువాత అందులోకే స్క్రూ బిగించాడు. ప్లాస్టిక్‌తో కుదరదా అని గుమాస్తా బుద్ధి కొద్దీ అడిగాను. బంక పట్టదన్నాడు.

కావున మేనల్లుడికి ఈ రోజే ఫోను చేసి చెక్కవే కొనమని చెప్పాను. కారణం అడిగాడు, తులనాత్మక పట్టిక పోస్టులో పంపుతానన్నాను. కొనేది వంద అయితే అందులో పాతిక ఇక్కడికి పంపమన్నాను, స్నానాల గది తలుపు కూడా కిర్రుమంటోంది.

ఇట్లు,
తమ విధేయుడు,
స్టోర్స్ గుమాస్తా (విశ్రాంత), అనంతపురం.