క్యుషూ మిఠాయిలను మరిచారు
జపాన్ మిఠాయిల మీద మీరు వేసిన వ్యాసంలో, అక్కడి సంప్రదాయ మిఠాయిలకు విదేశీ గాలి సోకలేదని, అన్నీ బియ్యప్పిండి, ఎర్ర చిక్కుడు గింజల ముద్దతోనే తయారవుతాయని రాశారు. క్యోటో వరకైతే చాలామటుకు ఒప్పుకుంటాను, కానీ క్యుషూ దీవి సంగతి వేరు. నాగసాకి కాస్తెల్లా పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చిన కేకు. నాలుగు శతాబ్దాలుగా అక్కడివాళ్లు దాన్ని తమ పద్ధతికి మార్చుకున్నారు. వెన్న వేయరు, గుడ్లు, చక్కెర, పిండితో పాటు మిజుఅమే అనే పాకం కలుపుతారు. అడుగున కరగని ముతక చక్కెర పలుకులు పంటికి తగులుతాయి, నాకైతే అసలు రుచి అక్కడే ఉంది. (విమానాశ్రయాల్లో అమ్మే కొన్ని రకాల్లో ఆ పలుకులే ఉండవు!) ఫుకువోకాలో కెయిరాన్ సోమెన్ అని ఇంకొకటి దొరుకుతుంది, గుడ్డు పచ్చసొనను సన్నని దారాల్లా మరిగే పాకంలోకి వదిలి చేస్తారు. అదీ పోర్చుగీసు విద్యే. 'ఎదో' అనే యుగంలో (1603–1868) జపాన్ విదేశీయులకు తలుపులు దాదాపు మూసుకున్నా, డచ్చి, చైనా ఓడల్లో చక్కెర నాగసాకి రేవుకు వస్తూనే ఉండేది. అక్కడి నుంచి సాగా మీదుగా కొకురా దాకా వెళ్లే నాగసాకి కైదో బాట పొడవునా మిఠాయి తయారీ పెరిగింది. సాగాలోని ఓగి ఊరి యోకాన్ (చిక్కుడు ముద్దతో చేసే జెల్లీలాంటి మిఠాయి), పైన చక్కెర గట్టిపడి పెళుసుగా ఉంటుంది, ఆ బాటలోదే. ఈ దారిని 'షుగర్ రోడ్' పేరుతో 2020లో జపాన్ వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. మీ వ్యాసం శీర్షికలో 'జపాన్' బదులు 'క్యోటో' అని పెట్టి ఉంటే ఈ పేచీయే ఉండేది కాదు.