విమర్శకులతో పనేముందట!

ఉత్తరాంధ్ర వాట్సాప్ గ్రూపుల్లో ఓ పోస్టు తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: రాయడం చేతకానివాడే విమర్శకుడవుతాడు, జనం మెచ్చిందే కళ, మేధావులకు జనం గోడు పట్టదు, ఫోనున్న ప్రతివాడూ విమర్శకుడే కాబట్టి వీళ్లతో ఇక పనిలేదు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు కూడా దీన్ని పంచుకోవడమే విడ్డూరం.

చేతకానితనం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. 'కన్యాశుల్కం' నాటకం రాసిన గురజాడే 1914లో, పాత పుస్తకాల భాషలోనే రాయాలన్న గ్రాంథికవాదాన్ని ఎండగడుతూ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రమూ రాశారు.

జనం మెచ్చడం దగ్గర కాస్త ఆగాలి. ఆ నాటకం 1892లో విజయనగరంలో ఆడితే జనం ఆదరించారు. 1897లో అచ్చయింది. ఇంకేం కావాలి? అయినా ఆయన దాన్ని పరాయివాడి రచనలా నిలదీసి, దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో వేశారు. ఇవాళ మనం చెప్పుకునే మధురవాణి ఆ రెండో కూర్పులో ఎదిగిన మనిషి. చప్పట్లే కొలత అయితే ఆమె మనకు దక్కేది కాదు.

మేధావులకు జనం పట్టదా? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు బడులు పెట్టి, నిఘంటువు కట్టారు. ఆ పోస్టు వాడుక భాషలో ఉందంటే అందులోనూ వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం ఫలం ఉంది.

ఇక ఫోను. లైకు కొట్టడం ఇష్టం చెప్పడమే, తప్పేం లేదు. కానీ గుండెకు తప్పెట కట్టుకుని వాయిస్తూ అడుగులేసే తప్పెటగుళ్ల ఆట దగ్గర అరుగు మీది ముసలాయన్ని చూడండి. అందరూ ఈలలేస్తుంటే ఆయన మాత్రం కుర్రాణ్ణి పిలిచి, "ఏట్రా, దెబ్బకీ అడుగుకీ పొత్తు కుదర్నేదు" అంటాడు. పాత బృందాల ఆట ఆయన కళ్లలో ఉంది కనక ఆ తేడా పట్టుకున్నాడు. కథల విషయంలో అలాంటి జ్ఞాపకం కోసమే కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, శ్రీకాకుళంలో కథానిలయం అనే గ్రంథాలయం పెట్టి, పాత పత్రికల్లో చెల్లాచెదురైన కథల్ని పోగేశారు.

పోస్టులో ఒక్క దెబ్బ మాత్రం సరిగ్గా తగిలింది: కొందరి విమర్శ ఎవరికీ అర్థం కాదు. నిజమే. దానికంటే పెద్ద జబ్బు మొహమాటం. ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకున్నాక పుస్తకంలో లోపం చెప్పే నోరు ఎందరికుంది? తిట్టాలనుకుంటే అక్కడ తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.