డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య పిల్లలు ఎవరి బాధ్యత?

తిరుపతిలో బాలాజీ కాలనీ నుంచి ఎస్వీ యూనివర్సిటీ వైపు నడిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు, స్టడీ హాళ్లు, మెస్సులు వరసగా కనిపిస్తాయి. పుస్తకాలు పట్టుకుని అక్కడ తిరిగేవాళ్లలో చాలామంది కాలేజీ పిల్లలు కారు. డిగ్రీయో, బీటెక్కో, బీఈడీయో ముగించి పీలేరు, పుంగనూరు, వెంకటగిరి, రాయచోటి వైపు ఊళ్ల నుంచి వచ్చి రూమ్ తీసుకుని చదువుకుంటున్నవాళ్లు. ముప్పై దాటినవాళ్లూ ఉంటారు. వీళ్ల పేరు ఏ కాలేజీ రిజిస్టరులోనూ ఉండదు, ఏ ఆఫీసు హాజరుపట్టీలోనూ ఉండదు. విద్యార్థుల మానసిక ఆరోగ్యం, కెరీర్ గైడెన్స్ అంటూ మనం మాట్లాడుకునేది ఏదీ వీళ్ల దాకా రావడం లేదన్నదే నా ఆవేదన.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయకూడదు. కోచింగ్ సెంటర్లూ ఇందులోకి వస్తాయి. ఎంతో అవసరమైన తీర్పు ఇది. అయితే ఈ బాధ్యత సంస్థలది. చేతిలో డబ్బు అయిపోయి కోచింగ్ మానేసి, రూములో కూర్చుని చదువుకునే మనిషికి కౌన్సెలర్‌ను ఎవరు పెడతారు?

వీళ్లను కుంగదీసేది సిలబస్ కాదు, ఎదురుచూపు. 2018 డీఎస్సీ తర్వాత టీచర్ పోస్టుల పరీక్ష మళ్లీ జరిగింది 2025లోనే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో ఒక నోటిఫికేషన్ వచ్చి ఆగిపోయింది. చివరకు 16,347 పోస్టులు ప్రకటిస్తే 3 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో జరిగితే, మెయిన్స్‌కు 2025 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. పరీక్ష ఎప్పుడో తెలియనప్పుడు పక్కన చిన్న ఉద్యోగం చూసుకోవాలంటే భయం, చూసుకోకపోతే ఇంటికి భారం. ఊరికి వెళ్తే ‘ఏమప్పా, ఇంగా చదవతానే ఉండావా?’ అని పలకరింపు. అడిగేవాళ్లది ప్రేమే కావచ్చు, వినేవాడు మాత్రం పండక్కి ఊరు పోవడమే మానేస్తాడు. ఆడపిల్ల పరిస్థితి ఇంకా కష్టం. నోటిఫికేషన్ ఆలస్యమైన ప్రతి నెలా ఇంట్లో పెళ్లి మాట ఒక మెట్టు పైకెక్కుతుంది.

ఇలాంటి చోట గంటసేపు స్ఫూర్తి ప్రసంగం చేయించి పంపితే ఒరిగేది తక్కువ. యూపీఎస్సీ తన పరీక్షల తేదీలను ముందు ఏడాదే ప్రకటిస్తుంది. ఐబీపీఎస్ కూడా బ్యాంకు పరీక్షల క్యాలెండర్‌ను ఏటా ముందే ఇస్తుంది. తేదీ తెలిస్తే మనిషి లెక్క వేసుకోగలడు: ఈ పది నెలలు చదువు, ఆ తర్వాత పని. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగ క్యాలెండర్ ప్రకటించి దాన్ని నిలబెట్టుకుంటే, ఎన్నో అవగాహన సదస్సులు ఇవ్వలేని నిబ్బరం ఈ రూముల్లోకి వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. టెన్షన్‌లో సగం అనిశ్చితి వల్ల వచ్చేదే.

ఉద్యోగం దొరికినవాళ్ల సంగతి కూడా చూడాలి. శ్రీసిటీ, రేణిగుంట పరిశ్రమల్లో డిప్లొమా, డిగ్రీ చదివిన యువత పనిచేస్తోంది. అప్రెంటిస్‌గా చేరినవాళ్లకు శిక్షణ ముగిశాక అదే కంపెనీలో ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సులో ఊరు చేరేసరికి కొత్త కోర్సు నేర్చుకునే ఓపిక ఎక్కడుంటుంది? వీళ్ల ఎదుగుదలకు పని గంటల్లోనే నేర్చుకునే సమయం కేటాయించాలి. జీతం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

విచారం ఏమిటంటే, కావలసినవన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, అక్కడ మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది. 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదువుతున్న అమ్మాయిలున్నారు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. 2015లో వచ్చిన ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఏర్పేడు దగ్గరే ఉన్నాయి. ఎవరి ప్రాంగణం వాళ్లదిగా ఉండిపోవడం వల్లే ఇవి బయటి పిల్లలకు అందడం లేదు.

చేయగలిగింది చాలా ఉంది. అధ్యాపకుల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు వారానికి రెండు సాయంత్రాలు స్టడీ హాళ్లకు వెళ్లి కూర్చోవచ్చు. వినడం నేర్చుకున్న మనిషి ఎదురుగా ఉంటే చెప్పుకునేవాళ్లు మెల్లగా వస్తారు. పరిస్థితి తీవ్రంగా ఉన్నవాళ్లను రుయాకు పంపవచ్చు. ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడగలిగే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి మెస్సు గోడ మీదా రాసిపెట్టవచ్చు. వరసగా పరీక్షలు తప్పినవాళ్లకు వాళ్లు నేర్చుకున్న చదువుతోనే ఇంకేం చేయవచ్చో, బ్యాంకులో, ప్రైవేటు స్కూల్లో, కంపెనీలో ఏ దారులున్నాయో ఓపికగా చూపించే ఒక డెస్క్ కావాలి. అక్కడ కూర్చోవాల్సింది ఆ దారిలో నడిచి స్థిరపడిన పూర్వ విద్యార్థులే.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. కాలేజీ ఐడీ కార్డు లేకపోయినా, ఏదో ఒక పరీక్ష హాల్ టికెట్ చూపిస్తే సాయం అందాలన్న ఉత్తర్వు ఒకటి కలెక్టర్ కార్యాలయం నుంచి వస్తే పని మొదలవుతుంది.