కూలెంట్ కారుతోందని హెడ్ దించే ముందు ఒక్కసారి ఆగండి

కొత్త హెడ్ (సిలిండర్ల పైన మూతలా బిగించే భాగం) వేసిన ఇంజన్‌కి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు) కారుతోందంటే చాలు, చూసినవాళ్లంతా ఒకటే మాట అంటారు: "గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోలేదు, మళ్లీ విప్పు." గ్యాస్కెట్ అంటే హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య లీకు కాకుండా పెట్టే పలచటి పొర. వాళ్ల మాట పట్టుకుని నేను రెండుసార్లు హెడ్ దించాను. మొదట వేసిన దాంతో కలిపి మూడు గ్యాస్కెట్లు అయ్యాయి. మూడుసార్లూ అదే చోట తడి. తప్పు గ్యాస్కెట్‌ది కానే కాదు. ఈ విషయం మీద నాకు చాలా కోపం ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నాది ఇనుప బ్లాకు, అంటే సిలిండర్లు ఉండే కింది భాగం ఇనుముది. పాత హెడ్ పగిలిపోతే బయటి తయారీ అల్యూమినియం హెడ్ తెప్పించుకున్నాను. పెట్టె తెరిస్తే తళతళలాడుతోంది. కొత్తదే కదా, ఇంకేం చూడాలి అనుకుని తుడిచి ఎక్కించేశాను. దెబ్బ తిన్నది ఇక్కడే. పోతపోసిన అల్యూమినియంలో కంటికి కనపడని సూదిమొన రంధ్రాలు ఉండొచ్చు. పోత పోసేటప్పుడు అచ్చు లోపలి కోర్ కాస్త పక్కకి జరిగితే ఒకవైపు గోడ పలచబడుతుంది, అక్కడ డ్రిల్ దిగితే నేరుగా వాటర్ జాకెట్‌లోకే, అంటే లోపల కూలెంట్ తిరిగే ఖాళీలోకే. కొన్ని డిజైన్లలో అయితే బోల్టు రంధ్రాలు జాకెట్‌లోకి తెరుచుకునే ఉంటాయి, సీలెంట్ వేసి బిగించాలి. నా హెడ్‌లో ఏ రంధ్రం తడిదో ఏది పొడిదో పెట్టెలో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు. హెడ్ అమ్మేవాళ్లు ఆ ఒక్క బొమ్మ వేసి ఇవ్వకపోవడం నా దృష్టిలో పెద్ద తప్పు.

మూడోసారి తడి కనపడ్డాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, టార్చి పట్టుకుని కింద పడుకుని అంగుళం అంగుళం చూశాను. హెడ్‌కీ బ్లాకుకీ మధ్య అతుకు దగ్గర తడి ఉంది, నిజమే. కానీ దానికి పైన, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌ని (పొగ బయటికి పోయే గొట్టాల భాగాన్ని) హెడ్‌కి పట్టి ఉంచే చివరి స్టడ్డు నట్టు చుట్టూ లేత ఆకుపచ్చ పొక్కు కట్టి ఉంది. గోటితో గీకితే ఉప్పులా రాలింది. తుడిచి చూస్తూ ఉంటే మరల్లోంచి ఒక బొట్టు మెల్లగా ఊరి, నట్టు అంచున కాసేపు నిలబడి, జారి అతుకు మీదికి పోయింది. ఇన్నాళ్లూ నేను చూసింది ఆ బొట్టు పడిన చోటుని. కూలెంట్ వంచేసి స్టడ్డు తీసి రంధ్రంలోకి సన్నటి తీగ దూర్చాను. ఎక్కడా తగల్లేదు, లోపలికి పోతూనే ఉంది. అంటే ఆ రంధ్రం జాకెట్‌లోకే తెరుచుకుంది.

తీసిన గ్యాస్కెట్లు కూడా ఈ సంగతే చెప్పాయి, నేనే వినలేదు. గ్యాస్కెట్ నిజంగా పోతే నీళ్ల రంధ్రం నుంచి అంచు వరకు నీళ్లు పోయిన దారి మరకలా కనిపిస్తుంది. నావి శుభ్రంగా ఉన్నాయి. ఆ క్షణంలోనే ఆగి ఉంటే మూడోది కొనే పని ఉండేది కాదు.

ఇక హెడ్ బోల్టులు. వీటి గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్లాకులో అడుగు మూసి ఉన్న రంధ్రంలో కొంచెం నూనో కూలెంటో మిగిలిపోయిందనుకోండి, బోల్టు దిగుతుంటే ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. టార్క్ రెంచ్ (పెట్టిన బిగువు రాగానే చప్పుడు చేసే పానా) టక్కుమంటుంది, కానీ హెడ్ మీద ఆ బిగువు పడి ఉండదు. ఒక్కోసారి బ్లాకే చిట్లుతుంది. అదే జాకెట్‌లోకి తెరుచుకున్న రంధ్రమైతే మరలకి సీలెంట్ వేయకపోతే నీళ్లు బోల్టు వెంట పైకి ఎక్కి నూనెలో కలుస్తాయి. బయట చుక్క కనపడదు, డిప్‌స్టిక్ తీస్తే నూనె పాలు కలిపిన టీలా ఉంటుంది. ఈ రెండు రకాల రంధ్రాలూ ఒకే బ్లాకులో ఉండొచ్చు. ఎక్కించే ముందే ప్రతి రంధ్రంలో తీగ పెట్టి చూడండి.

కారుతోంది కదా అని ఇంకో పావు తిప్పు బిగించేవాళ్లకి దండం పెట్టి చెబుతున్నాను, ఆ పని చేయకండి. సాగేలా తయారుచేసిన బోల్టులైతే ఒక్కసారికే వాడాలి. మధ్య నుంచి బయటికి, విడతలవారీగా, మాన్యువల్‌లో ఉన్న వరుసలోనే బిగించాలి.

అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 450 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్ 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.8 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది, కింద ఇనుము 0.4 దగ్గరే ఉంటుంది. ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ ఆ తేడా అంతా గ్యాస్కెట్ ఒంటి మీదే రాపిడిగా పడుతుంది. అందుకే పొరల స్టీలు గ్యాస్కెట్‌కి రెండు వైపులా నున్నటి తలం కావాలి. హెడ్‌కి ఫేసింగ్ చేయించి, అంటే తలాన్ని మిషన్ మీద చదును చేయించి, బ్లాకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. నీళ్ల రంధ్రాల చుట్టూ తుప్పు తిన్న గుంటలు ఉండేది బ్లాకు మీదే. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి స్టీలు బద్ద) పెట్టి, కింద సందు ఎంతుందో ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులతో) చూడండి. అడ్డంగా 0.05 మిల్లీమీటరు దాటిందంటే నాకు టెన్షనే, కానీ మీ ఇంజన్ మాన్యువల్ చెప్పిందే లెక్క. పాత గ్యాస్కెట్ ముక్కల్ని మిషన్‌కి రాపిడి బిళ్ల పెట్టి గీకకండి, ఆ పొడి నూనెలో కలిస్తే బేరింగులు పోతాయి.

గ్యాస్కెట్‌ని ముందు బ్లాకు మీద, తర్వాత హెడ్ మీద ఉత్తినే పరిచి రంధ్రానికి రంధ్రం సరిచూసుకోండి. ముందు వెనక మారితే నీళ్ల దారి మూసుకుని ఇంజన్ కాగిపోతుంది.

లీకు మూసే మందు పోసెయ్ అనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. చిన్న రంధ్రాన్ని అది మూయొచ్చు. రేడియేటర్ సన్నటి గొట్టాలనీ బండి లోపలి హీటర్ కోర్‌నీ కూడా అలాగే పూడ్చగలదు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది, నేను చేయనిది, ప్రెజర్ టెస్ట్. హెడ్ రంధ్రాలు పలకలతో మూసి, గాలి పట్టించి, వేడి నీళ్లలో ముంచితే బుడగ ఎక్కడ లేస్తుందో అక్కడే లీకు. ఒక పూట పని. బిగించాక కూడా ఇంజన్ స్టార్ట్ చేయకముందే రేడియేటర్‌కి పంపు తగిలించి, మూత మీద రాసి ఉన్నంత ప్రెజర్ ఎక్కించి చూడాలి. తర్వాత గాలి బుడగలు పోయేదాకా ఓపిగ్గా కూలెంట్ నింపాలి. మొదటి రోజు మట్టం కొంచెం దిగితే అది లోపల చిక్కుకున్న గాలి బయటికి రావడం వల్ల కావచ్చు, వెంటనే కంగారుపడొద్దు. స్టార్ట్ చేసిన నిమిషంలోనే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడితే మాత్రం మండిన గ్యాసు నీళ్లలోకి వస్తోందేమో చూడాలి. దానికి నీలి రంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది, పసుపుకి తిరిగితే అప్పుడు గ్యాస్కెట్‌నో పగులునో అనుమానించండి.

నాలుగోసారి నేను హెడ్ దించలేదు. మేనిఫోల్డ్ ఒక్కటే విప్పి, స్టడ్లన్నీ తీసి, మరలు కడిగి ఆరబెట్టి, వేడికి తట్టుకునే థ్రెడ్ సీలెంట్ పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు వదిలేసి బిగించాను. పంపు తగిలిస్తే అరగంట ముల్లు కదల్లేదు. ఆ రోజు రిజర్వ్ ట్యాంకు మీద మార్కరుతో ఒక గీత గీశాను. ఇంజన్ చల్లారాక చూస్తే కూలెంట్ ఇప్పటికీ ఆ గీత దగ్గరే ఉంటోంది.