నిర్ణయం ముందే అయిపోతే మమ్మల్ని కూర్చోబెట్టడం ఎందుకు?

మూడు వారాలు అండీ! మూడు వారాలు కూర్చుని, ఆఫీసుకి ఏది కొనాలో తేల్చడానికి మూడు సాఫ్ట్‌వేర్ టూల్స్ పోల్చి ఎక్సెల్ షీట్ చేశాం, ధర, సెక్యూరిటీ, సపోర్ట్ అన్నిటికీ వెయిటేజీ ఇచ్చి మార్కులు వేస్తే సార్‌కి నచ్చిన టూల్ ఆఖర్న వచ్చింది. అంతే, సాయంత్రం ఫోన్. "ధరకి 40 ఎందుకు, 15 చెయ్, వాడటం ఎంత తేలికో ఇంకో లైన్ పెట్టు" అని. పెట్టాను, నా చేత్తోనే మార్చాను, అదే నా బాధ. తీరా చూస్తే ఆ కంపెనీతో సంతకాలు నెల కిందటే అయిపోయాయట! మరి మా మూడు వారాలు దేనికి? రేపు బెడిసికొడితే "టీమే చెప్పింది" అని చూపించడానికేగా?

అప్రైజల్స్ కూడా ఇంతే. బెల్ కర్వ్‌లో (ఇంతమందికి మంచి రేటింగ్, ఇంతమందికి తక్కువ అని ముందే కోటా కడతారు) ఎవరో ఒకరు కింద పడాలి, పేరు ముందే డిసైడ్, కారణాలు తర్వాత తవ్వుతారు. రాత్రింబవళ్ళు పనిచేసినవాడికి "విజిబిలిటీ లేదు" అని రాస్తారు, ఏం మాట అది?

1986లో అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ ఎగరడానికి ముందురోజు రాత్రి ఇంజనీర్లు ఈ చలికి రాకెట్ అతుకుల్ని మూసే రబ్బరు ఓ-రింగులు ఆగవు, వద్దు వద్దని మొత్తుకున్నారు. వాళ్ళ పైవాళ్ళేమో వాళ్ళలోనే ఒకాయనతో ఇంజనీర్ టోపీ తీసేసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో అన్నారు. ఏడుగురు పోయారు. మాది ఒట్టి షీటే కావచ్చు, కానీ పైనుంచి నొక్కే తీరు అదే కదా?

మొన్న మీటింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి "ఈ 15 ఎలా వచ్చింది?" అని అడిగింది. ఒక్కరూ నోరు మెదపలేదు, అందరం లాప్‌టాప్‌లలోకి తలలు దించేశాం.