సెంటిమెంటుకి స్టాంపు డ్యూటీ

ముప్పై మూడేళ్లు ప్రభుత్వ సేవలో స్టాంపులు కొట్టి రిటైరైన మనిషిని. గొప్పకి చెప్పడం లేదు, ఈ విషయం మీద మాట్లాడ్డానికి నాకున్న అర్హత మనవి చేస్తున్నాను. ఇన్‌వర్డు సెక్షన్లో కూర్చుని రోజుకి రెండొందల కాగితాల మీద తేదీ ముద్ర వేశాను. ప్యాడ్ ఆరిపోతే రెండు చుక్కలు నీళ్లు చిలకరించాలో, స్టాంపు మీద 'హా' అని ఊదితే సరిపోతుందో రంగు చూసి చెప్పగలను. గుండ్రటి సీలు సగం సంతకం మీద, సగం కాగితం మీద పడితేనే దానికి పరువని మా హెడ్ క్లర్కు నేర్పాడు. అలాంటి నన్ను పట్టుకుని మొన్న మా కోడలు, "మావయ్యగారూ, ముట్టుకోకండి, స్మడ్జ్ అవుతుంది" అంది.

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద గ్రీటింగ్ కార్డులు తయారవుతున్నాయి. చేత్తో. ఆ 'చేత్తో' అన్న మాట గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత తేలుద్దాం. ఈ నెలరోజులూ మేము టీవీ ముందు కంచాలు ఒళ్లో పెట్టుకుని అన్నాలు తింటున్నాం.

ముందు పంచనామా. కార్డ్‌స్టాక్ అనే మందపాటి కాగితం, 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి మూడొందల గ్రాముల బరువు. శుభలేఖకన్నా మందం, అట్టపెట్టెకన్నా పల్చన. మామూలు డ్రాయింగు కాగితం పనికిరాదట, ఇంకు వెనక్కి దిగుతుందట. ఇంకు ప్యాడ్లు పన్నెండు రంగులు. నా సర్వీసు మొత్తంలో నేను చూసిన ప్యాడు రంగు ఒక్కటే, వంకాయ రంగు. ఆకుపచ్చ సిరా దర్శనం కావాలంటే గెజిటెడ్ ఆఫీసరు గది బయట బెంచీ మీద కూర్చోవాలి. ఇక్కడ ఆకుపచ్చలే మూడున్నాయి, ఎవరి అనుమతీ లేకుండా. పువ్వు ఆకారంలో కాగితాన్ని కొరికే పంచ్, సీతాకోకచిలుక ఆకారంలో కొరికే పంచ్, చుట్టలు చుట్టి బొమ్మలు చేయడానికి మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న క్విల్లింగ్ కాగితపు చీలికలు, రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు. మడత గీత పడ్డానికి మాత్రం ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు. మొత్తం సరంజామాలో నేను గౌరవించే వస్తువులు ఆ రెండే.

అన్నిటికన్నా ఘనమైనది డై కటింగ్ మిషను. రెండు రోలర్లు, పక్కన తిప్పడానికి పిడి. అచ్చం చెరుకురసం బండి. ప్లాస్టిక్ పలకల మధ్య కాగితం పెట్టి, దానిమీద ఉక్కు అచ్చు పెట్టి తిప్పితే, పలకలు విరిగిపోతున్నాయేమో అన్నంత టకటక చప్పుడుతో అవతలివైపు బయటికొస్తాయి. విప్పి చూస్తే లోపల ఒక కాగితపు ఆకు. మా గేటు దగ్గర వేపచెట్టు ఆ సరుకుని ఏడాది పొడుగునా ఉచితంగా రాలుస్తోంది.

కార్డు ఒక్కింటికి ఎనిమిది వందల చిల్లర పడుతోందని మా అబ్బాయి లెక్క తేల్చాడు. వంద కార్డులు చేస్తే రేటు దిగుతుందని కోడలు. వందమంది చుట్టాల్ని ఎక్కణ్ణుంచి తేవాలని అబ్బాయి. పెన్షనర్ని, నేను మధ్యలో దూరలేదు.

ఎంబాసింగ్ మాత్రం చూసి తీరాల్సిన ముచ్చట. ఇది వెటకారం కాదు. తొందరగా ఆరని జిగురు ఇంకుతో ముద్ర వేస్తుంది. తడి ఆరకముందే దానిమీద బంగారు రంగు పొడి చల్లుతుంది. కాగితం వంచి గోటితో తడితే, తడి ఉన్నచోట తప్ప మిగతా పొడంతా సీసాలోకి తిరిగి వెళ్లిపోతుంది. అప్పుడు హీట్ గన్. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పెడదామని నేనొక పొదుపు సలహా ఇచ్చాను. గాలికి పొడి ఎగిరి సాంబారులో పడిందే తప్ప కరగలేదు. హీట్ గన్నుకి గాలి తక్కువ, వేడి ఎక్కువ. నాలుగు లెక్కపెట్టేలోగా మట్టిరంగులో ఉన్న గీత అంచునుంచి చెమ్మగిల్లినట్టై, ఉబ్బి, తళతళా మెరుస్తుంది. ఆ క్షణంలో నోరు తెరుచుకుని చూస్తాను. తర్వాత ఆ మెరిసిన అక్షరాలు చదువుతాను. అక్కడే నాకు చిర్రెత్తుకొస్తుంది.

ఈ విద్యలో అక్షరాలున్న స్టాంపుని 'సెంటిమెంట్' అంటారట. మనకి సెంటిమెంటంటే ఇంటర్వెల్ తర్వాత హీరో తల్లి మంచాన పడటం, లేకపోతే మంగళవారం బాకీ తీర్చకపోవడం. వీళ్లకి అది మూడంగుళాల జెల్లీ ముక్క. స్టాంపంటే నాకు తెలిసింది చెక్కపిడి, కింద రబ్బరు. వీళ్లది అద్దంలాంటి పాలిమర్. యాక్రిలిక్ దిమ్మకి తనంతట తనే అతుక్కుంటుంది. పనయ్యాక ఒలిచి, కడిగి, తుడిచి పడుకోబెట్టాలి. మా ఆఫీసు స్టాంపులు సర్వీసంతా ఒక్కసారి కూడా స్నానం చేసినట్టు నాకు గుర్తులేదు. "మావయ్యగారూ, సెంటిమెంట్ వంకరగా పడింది" అని పొద్దున్న ఒకసారి, "సెంటిమెంట్ ఆరకముందే చెయ్యి తగిలింది" అని సాయంత్రం ఒకసారి అంటుంది. ఒక ప్యాకెట్లో పన్నెండు సెంటిమెంట్లు, అన్నీ ఇంగ్లీషువే. 'జస్ట్ బికాజ్' అని ఒకటుంది. 'ఊరికే' అని దాని తాత్పర్యం. మా చుట్టాల్లో ఎవరికైనా ఊరికే కార్డొస్తే, వెనకాలే అప్పు అడగబోతున్నారని తలుపేసుకుంటారు.

ఇప్పుడు 'చేత్తో' సంగతి. ఆకు మిషను కోసింది. పువ్వు పంచ్ కొరికింది. మాట స్టాంపు చెప్పింది. కార్డు తెరిస్తే లోపల అరచేతులంత తెల్లకాగితం రెండువైపులా ఖాళీ. మూడు సాయంత్రాలు కూర్చుని తయారుచేసిన కార్డు అది. "ఇక్కడేం రాస్తావమ్మా?" అన్నాను. కోడలు కాసేపు ఆలోచించి, "ఇక్కడ చిన్న సెంటిమెంట్ కొడితే బావుంటుంది కదూ" అంది. మొత్తం పనిలో చేత్తో చెయ్యగలిగింది ఆ ఒక్క వాక్యమే. దానికి చెయ్యి రాలేదు.

ఆవిణ్ణి తప్పుపట్టలేను. ఈ జబ్బు కార్డుతోపాటే పుట్టింది. 1843లో లండన్‌లో మొట్టమొదటి క్రిస్మస్ కార్డు అచ్చువేయించినాయన హెన్రీ కోల్. ఆయనెవరో తెలుసా? మా జాతివాడే, గవర్నమెంటు ఉద్యోగి, అందులోనూ రికార్డు ఆఫీసు. అంతకు మూడేళ్ల కిందటే ఒక్క పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం వేసుకోవచ్చన్నారు. ఆ సంస్కరణ కోసం పాటుపడ్డవాళ్లలో ఆయనా ఒకడు. ఇంకేం, వచ్చిపడ్డ ఉత్తరాలకి జవాబులు రాయలేక తలప్రాణం తోకకొచ్చింది. హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి సుమారు వెయ్యి కార్డులు వేయించాడు. పైన 'టు' అని ఒక ఖాళీ, కింద 'ఫ్రమ్' అని ఒక ఖాళీ, మధ్యలో శుభాకాంక్షలు అచ్చులో. అంటే ప్రొఫార్మా! ఖాళీలు పూరించి పంపడమే. చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి. మిగిలినవాటిని కార్డు ఒక షిల్లింగుకి అమ్మారు. చూడబోతే ఆ రోజుల్లో కూడా మా కోడలి కార్డు రేటే. రంగులు మాత్రం ఒక్కొక్కదానికీ కుంచెతో అద్దారట, అంచేత దానికీ 'హ్యాండ్‌మేడ్' అని చెప్పుకునే హక్కుంది. మరుసటి ఏడాది, 1844లో, అమెరికాలో గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బర్లో గంధకం కలిపి వేడిచేస్తే ఎండకి కరగదు, చలికి పెళుసెక్కదు అని పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు స్టాంపుకి ఆయువు పోసింది అదే. అలా కార్డూ రబ్బరూ ఏడాది తేడాలో పుట్టాయి. ఆఫీసుల్లో అరిగిన రబ్బరు సరదాకి కార్డెక్కడానికి మాత్రం నూరేళ్లపైనే పట్టింది.

ఆ మాటకొస్తే మనమేం తక్కువ తిన్నాం? 'మహారాజశ్రీ' అని మొదలెట్టి, 'ఉభయ కుశలోపరి' అని గుద్ది, 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను' అని పక్కనే ఇంకోటి గుద్ది, ఇన్‌లాండ్ లెటరు ముప్పావు నింపేవాళ్లం. మిగిలిన పావులో అసలు సంగతి, అంటే డబ్బు. అవీ రబ్బరు స్టాంపులే. కాకపోతే ప్యాడు అక్కర్లేదు.

ముద్ర గురించి నా పట్టుదలకి ఇంకో కారణముంది. బందరులో పనిచేసిన రోజుల్లో ఒకసారి పెడన వెళ్లి అద్దకం చూశాను. గోనెపట్టాలు పరిచిన పొడుగాటి బల్ల, దానిమీద కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరేసిన బట్ట. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నల్లరంగు. ఒకాయన టేకు అచ్చుని రంగులో అలా తాకించి, బట్ట మీద పెట్టి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ. పక్కకి జరిగి ఇంకో దెబ్బ. స్కేలు లేదు, పెన్సిలు గుర్తు లేదు. నాతో బందరు రాజకీయాలు మాట్లాడుతూనే గజాల కొద్దీ బట్ట లాగించాడు. తీగ ఎక్కడ తెగిందో, ఎక్కడ కలిసిందో వెతికినా దొరకలేదు. ఒక్క పువ్వుకి గీత అచ్చు వేరు, నింపే రంగుల అచ్చులు వేరు, అన్నీ ఒకదానిలో ఒకటి వచ్చి కూర్చున్నాయి. దాన్ని మీటరు లెక్కన బేరమాడి కొన్నాం. ఇక్కడ నాలుగంగుళాల కార్డు మీద గులాబీ ఒకచోట, గులాబీ రంగు ఒకచోట పడితే 'హ్యాండ్‌మేడ్ కదా, అదే అందం' అంటున్నారు.

సంక్రాంతికి తెనాలిలో ఉన్న మా అక్కయ్యకి ఒక కార్డు పంపాలని నిర్ణయమైంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి ఇంగ్లీషు సెంటిమెంటు ఎందుకు, తెలుగులో చేయిద్దామన్నాను. తెలుగు స్టాంపు ప్యాకెట్లలో దొరకలేదు. "అదెంత పనమ్మా" అని నేనే కోర్టు పక్క రబ్బరు స్టాంపుల బడ్డీకి వెళ్లాను. 'సంక్రాంతి శుభాకాంక్షలు' అని కాగితమ్మీద రాసిచ్చాను. కుర్రాడు చదివి, "కింద డిజిగ్నేషన్ ఏం పెట్టమంటారు?" అన్నాడు. డిజిగ్నేషన్ లేదన్నాను. నావైపు అదోలా చూశాడు. "పోనీ, రౌండా, రెక్టాంగిలా?" ముప్పై మూడేళ్ల అలవాటు, నోటికి రౌండే వచ్చింది.

సాయంత్రం చేతికొచ్చింది. చుట్టూ రెండు వలయాలు. పైన వంపులో 'సంక్రాంతి', కింద వంపులో 'శుభాకాంక్షలు', రెండిటి మధ్య అటో నక్షత్రం, ఇటో నక్షత్రం. నడిమధ్యలో 'తేదీ' అని, పక్కన ఖాళీ. కోడలు తల పట్టుకుంది. కార్డు మీద అప్పటికే క్విల్లింగ్ గొబ్బెమ్మలు, ఫోమ్ టేపు మీద లేచి నిలబడ్డ గాలిపటం అమర్చి ఉన్నాయి. ఇక చేసేదేముంది? "మావయ్యగారూ, మీరే కొట్టండి" అంది, నెలరోజుల్లో మొదటిసారి. లేచి నిలబడి కొట్టాను. నిండుగా, సమానంగా, అంచు చెదరకుండా పడింది. తేదీ వేశాను. చెయ్యి ఊరుకోలేదు, సీలు మీదకి సగం వచ్చేలా సంతకం కూడా పెట్టేశాను.

వంటింటి కాటాలో కవరుతో కలిపి 46 గ్రాములు తూగింది. ఇరవై గ్రాములకి 5 రూపాయల చొప్పున 15 రూపాయల స్టాంపులు అంటించి పోస్టాఫీసులో ఇచ్చాను. కిటికీ వెనకాల మనిషి కవరు అందుకుని తేదీ ముద్ర ఒక్కటి వేశాడు, దభీమని. లోపల గాలిపటం కూలిన చప్పుడు నాకు వినబడింది. ముద్ర మాత్రం ఊరి పేరుతో సహా స్పష్టంగా పడింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

నాలుగో రోజు అక్కయ్య ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, నీ కాయితం అందిందిరా. గొబ్బిళ్లు కాస్త నలిగినయ్యి గానీ సీలు భద్రంగా ఉంది. పక్కింటి కుర్రాడికి కూడా చూపించా. బీరువాలో పొలం కాయితాల దగ్గర పెట్టాను."

"అక్కడెందుకు అక్కయ్యా?"

"సంతకం, తేదీ అన్నీ ఉన్నాయి గదరా, పోతే మళ్లీ ఎక్కడ తెచ్చేది? అవునూ, దీన్ని జిరాక్సు తీయించి ఎవరికైనా ఇవ్వాలా?"