190 డాలర్లకి నాలుగు సీట్లు, చివరికి మిగిలినవి రెండు

మొన్న ఒడిశాలోని మా బరంపురం బడా బజారులో జిరాక్స్ షాపు దగ్గర మా మావయ్య కనబడ్డాడు. సొంత మేనమామ కాదు, అమ్మకి పెదనాన్న కొడుకు, ఐనా మాకు వరసంటే వరసే. చేతిలో చీరల షాపు క్యారీ బ్యాగు, లోపల చూస్తే చీర లేదు, అన్నీ కాగితాలే. బర్త్ సర్టిఫికెట్టు ఒడియాలో ఉంది, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంది, ఆధార్లో అదే ఇంటిపేరు వెనక్కెళ్ళిపోయింది, ఓటరు కార్డులో అసలు ఇంటిపేరే లేదు. ఆ నలుగురూ ఒక్కడే అని నోటరీ దగ్గర అఫిడవిట్టు రాయించాలి, ఒడియా కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్పించాలి, మార్చినవాడు నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన తర్జుమాయే అని కింద సంతకం పెట్టాలి.

"అమెరికా నుంచి మెయిలొచ్చిందిరా, మీ పిన్ని ఏసిన పిటిషన్ది. నాను మర్చిపోనాను కూడా" అన్నాడు.

పిన్ని న్యూజెర్సీలో ఉంటుంది. సిటిజన్‌షిప్ రాగానే 2006లో అన్నయ్య పేరు మీద, అంటే ఈ మావయ్య పేరు మీద, ఐ-130 ఫారం వేసింది, దగ్గరి బంధువుని గ్రీన్‌కార్డు మీద రప్పించుకోవడానికి వేసే పిటిషన్ అది. అప్పుడు దాని ఫీజు 190 డాలర్లు, డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది కాబట్టి ఎనిమిదిన్నర వేలు అనుకోండి. సిటిజన్లు అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ వేసే కేటగిరీని ఎఫ్-4 అంటారు, ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65 వేల వీసాలు, పైగా ఇలాంటి కోటాలన్నీ కలిపి ఏ దేశానికైనా ఏడు శాతం లిమిట్, అందుకే మన దేశం లైను అంత పొడుగు. 2006లో వేసినవాళ్ళ వంతు వచ్చేసరికి 2025 అయ్యింది.

ఆ పిటిషన్లో మావయ్యతో పాటు అత్త, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పెద్దదానికి అప్పుడు పదకొండేళ్ళు, చిన్నోడికి ఎనిమిది. రూలు ప్రకారం 21 దాటితే పిల్లల లెక్కలోంచి తీసేస్తారు. పిటిషన్ అప్రూవ్ అవ్వడానికి ఆఫీసువాళ్ళకి ఎన్నాళ్ళు పట్టిందో అన్నాళ్ళు వయసులోంచి తగ్గిస్తారు, వీళ్ళది నాలుగేళ్ళు పట్టింది, ఐనా పిల్ల 26 దగ్గర తేలింది, పిల్లోడు 23 దగ్గర. ఇద్దరూ ఎగిరిపోయారు. అప్రూవల్ ఇంకో రెండున్నరేళ్ళు లేటై ఉంటే కనీసం చిన్నోడైనా లోపలుండేవాడు, ఈ లెక్క చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అలా 190 డాలర్లకి కొన్న నాలుగు సీట్లలో రెండు మిగిలాయి. ఆ రెండింటికి ఇప్పుడు వీసా అప్లికేషన్ ఫీజు మనిషికి 325, స్పాన్సర్ కాగితం చూసినందుకు 120, మొత్తం 770 డాలర్లు, దగ్గర దగ్గర 70 వేలు. మెడికల్, వ్యాక్సిన్లు వేరే. వీసా చేతికొచ్చాక గ్రీన్‌కార్డు ప్రింటు చెయ్యడానికి మనిషికి ఇంకో 235.

ఫీజులు పెంచేశారు పెంచేశారు అని అందరూ అంటున్నారు గానీ ఆ పెంపుని మన రూపాయిల్లో ఎవరూ చూపించట్లేదు. ఐ-130 ఫీజు 2007లో 190 నుంచి 355కి వెళ్ళింది, 2010లో 420, 2016 డిసెంబర్లో 535, 2024 ఏప్రిల్ 1 నుంచి కాగితం మీద వేస్తే 675, ఆన్‌లైన్లో ఐతే 625. 535 నుంచి 675 అంటే డాలర్లలో 26 శాతం, ఎనిమిదేళ్ళకి అది ఘోరం ఏం కాదు, మా ఊళ్ళో ఇంటద్దెలు అంతకన్నా పెరిగాయి. కానీ 2016లో డాలరు 68 రూపాయలు, ఇప్పుడు 90 దగ్గర తిరుగుతోంది. అంటే 36 వేలది 60 వేలయ్యింది, 65 శాతం పైమాటే.

ఫీజు కట్టేది అమెరికాలో ఉన్నవాళ్ళు కదా, వాళ్ళకి డాలర్లలోనే జీతం కదా, రూపాయి లెక్క దేనికి అంటారేమో. కాగితం మీద కట్టేది వాళ్ళే. ఆ డబ్బు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో తర్వాత చెప్తాను.

ముందు సర్కారు వైపు మాట. ఈ అప్లికేషన్లు చూసే యూఎస్‌సీఐఎస్ అనే ఆఫీసు పన్నుల డబ్బుతో నడవదు, దాని బడ్జెట్లో 96 శాతం దాకా అప్లికేషన్ ఫీజులే. 2016 తర్వాత 2024 దాకా రేట్లు మార్చలేదు, ఈలోపు జీతాలు పెరిగాయి, ఫైళ్ళు పేరుకుపోయాయి. ఎవరో ఒకరు కట్టాలి, వాడుకునేవాడే కట్టాలి అనేది వాళ్ళ వాదన. నాకు ఇందులో పెద్ద అభ్యంతరం లేదు. పాస్‌పోర్టుకి మనం 1,500 కట్టట్లేదా.

నా గొడవ వేరే చోట ఉంది. పాస్‌పోర్టుకి 1,500 కడితే కొన్ని వారాల్లో పాస్‌పోర్టు వస్తుంది. ఎఫ్-4 పిటిషన్‌కి ఇవాళ 675 కట్టి వేసినవాడి వంతు ఎప్పుడొస్తుందో లెక్క కూడా కట్టలేం, డబ్బు మాత్రం మొదటి రోజే మొత్తం తీసుకుంటారు, మధ్యలో పిల్లలు 21 దాటినా, వేసినవాడు విసిగిపోయి వద్దన్నా పైసా వెనక్కి రాదు. వీసాల సంఖ్యకి లిమిట్ పెట్టింది కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, ఫీజు తీసుకునేది వేరే ఆఫీసు, కాబట్టి లేటుకి మేం బాధ్యులం కాదు అని ఆ ఆఫీసు అనొచ్చు. కడుతున్నవాడికి రెండూ ఒకే సర్కారు.

ఇంకోటి, ఇదైతే నిజంగా ఒళ్ళు మండే విషయం. అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డుకి అప్లై చేసే భార్యో భర్తో ఐ-485 వేస్తారు. 2024 ముందు దానికి వేలిముద్రలతో కలిపి 1,225 డాలర్లు, అందులోనే కేసు తేలేదాకా పని చేసుకోవడానికి వర్క్ పర్మిట్టు, బయటికెళ్ళి రావడానికి ట్రావెల్ పర్మిట్టు ఫ్రీ. ఎందుకు ఫ్రీ అంటే లేటు చేసేది మేమే కాబట్టి ఆ లేటుకి మళ్ళీ మళ్ళీ మీ దగ్గర డబ్బులు గుంజడం బాగోదు అని, 2007లో ఆ రెంటినీ ఇందులో కలిపేశారు. 2024 ఏప్రిల్లో విడగొట్టేశారు. ఐ-485కి 1,440, వర్క్ పర్మిట్టుకి 260, ట్రావెల్‌కి 630, కూడితే 2,330. పేపర్లలో 1,225 నుంచి 1,440 అని వేశారు, చూసినవాళ్ళు ఓస్ ఇంతేనా అనుకున్నారు. రెండు పర్మిట్లూ తీసుకునే మనిషికి అది 90 శాతం పెంపు. కేసు తేలకపోతే పర్మిట్టు రెన్యూవల్‌కి మళ్ళీ 260. ఆ పర్మిట్టు 2023 నుంచి ఐదేళ్ళకి ఇచ్చేవాళ్ళు, 2025 డిసెంబర్లో దాన్ని 18 నెలలకి కుదించారు. ఫీజు అదే ఉంది, సరుకు మూడో వంతుకి పడిపోయింది, దీన్ని మాత్రం ఎవరూ ఫీజు పెంపు అని రాయలేదు. పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్ళ కార్డే, ఆ షరతు తీయించుకోవడానికి ఇంకో 750.

అంటే సర్కారు ఎంత నెమ్మదిగా పనిచేస్తే అన్నిసార్లు దానికి ఫీజు వస్తుంది. కావాలనే చేస్తున్నారు అని నేననను, అంత తెలివిగా నడిచే ఆఫీసు ఎక్కడా ఉండదు. కానీ తొందరగా చెయ్యాల్సిన అవసరం లేకుండా మాత్రం పోయింది.

అమెరికా ఒక్కటే కాదు. మా గంజాం జిల్లా నుంచి, పక్కనే ఇచ్ఛాపురం, కంచిలి వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఉన్నారు. సౌదీలో కాస్త మంచి ఉద్యోగంలో ఉండి పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళకి 2017 జులైలో కుటుంబం మీద లెవీ వచ్చింది, మనిషికి నెలకి 100 రియాళ్ళు, ఏటా ఇంకో వంద పెంచుకుంటూ 2020కి 400 చేశారు. పెళ్ళాం, ఇద్దరు గుంటలు అనుకోండి, ఏడాదికి 14,400 రియాళ్ళు, మూడు లక్షల పైచిలుకు, అదీ ఏడాది ఏడాదీ. చాలామంది సంసారాల్ని ఊరికి పంపించేసి మళ్ళీ రూములో నలుగురితో పడుకున్నారు. సౌదీవాడు కనీసం దాన్ని అప్లికేషన్ చూసిన ఖర్చు అని చెప్పలేదు.

బ్రిటన్‌ది ఇంకో పద్ధతి. అక్కడ ఫీజు ఖర్చుకి మించి వసూలు చేస్తామని హోం ఆఫీసు దాచకుండానే చెప్తుంది. ఇక్కడి నుంచి భార్యని తీసుకెళ్ళాలంటే 2025 ఏప్రిల్లో పెంచిన రేటు ప్రకారం వీసాకి 1,938 పౌండ్లు, దానిమీద హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 1,035, అది 2024 ఫిబ్రవరి దాకా 624 ఉండేది. 33 నెలల వీసాకి సర్‌చార్జే 3,105. మొత్తం ఐదు వేల పౌండ్లు దాటిపోయింది, మన ఆరు లక్షలు. ఇదంతా కట్టినా తీసుకెళ్ళేవాడికి ఏడాదికి 29 వేల పౌండ్ల సంపాదన ఉండాలి, 2024 ఏప్రిల్ ముందు 18,600 ఉంటే చాలు.

ఇప్పుడు ఇందాక ఆపిన మాట. ఈ ఆరు లక్షలు ఎవరు కడుతున్నారు?

1936లో గంజాంని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి ఒడిశాలో కలిపినప్పుడు మా చుట్టాలు రెండు ముక్కలయ్యారు, సగం ఇటు, సగం అటు. ఐనా సంబంధాలు ఆగలేదు. బరంపురం పిల్లని ఇచ్ఛాపురం ఇచ్చినా సోంపేట ఇచ్చినా పాతిక యాభై కిలోమీటర్లు, బస్సు టికెట్టు పెట్టుకుంటే సాయంత్రానికి పుట్టింట్లో ఉంటుంది. ఇప్పుడు సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఎక్కడ అనేది మొదటి ప్రశ్న, లండనో డల్లాసో అన్నాక రెండో ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు గానీ పెద్దమనుషులు పక్కకెళ్ళి తేల్చుకుంటారు, పిల్ల వీసా ఖర్చు ఎవరిది అని. కట్నం నిషేధ చట్టం 1961 నుంచి ఉంది కదా, అందుకని దీన్ని కట్నం అనరు. నేను కూర్చున్న ఒక మాటల్లో అబ్బాయి తండ్రి ఎంత మర్యాదగా చెప్పాడంటే, "మాకేటీ ఒద్దండీ, గుంట ఎళ్ళడానికయ్యే సర్కారు ఫీజు మీరు సూసుకోండి, అది మాక్కాదు కదా, సర్కారుకే కదా" అన్నాడు. అమ్మాయి తండ్రికి గిరి రోడ్డు వైపు చిన్న బట్టల కొట్టు. తలూపాడు, ఏం చేస్తాడు.

వాషింగ్టన్‌లోనో లండన్‌లోనో ఎవరో ఫీజుల టేబుల్లో ఒక అంకె మారిస్తే అది బరంపురంలో లాంఛనాల లిస్టులో ఇంకో లైనై కూర్చుంటుంది. అందుకే రూపాయిల్లో లెక్కేశాను.

వాళ్ళమ్మని తెచ్చుకోవాలనుకునే కొడుకుదీ ఇదే కథ, ముందు సిటిజన్ అవ్వాలి, దానికి 760. తర్వాత అమ్మ ఒక్కదానికి 675, 325, 120, 235, మొత్తం 1,355. నాన్న కూడా ఉంటే ఆయనకి వేరే పిటిషన్, అన్నదమ్ముల పిటిషన్లోలాగా అమ్మానాన్నలని ఒకే దాంట్లో వెయ్యనివ్వరు. ఉత్తి చూడ్డానికి వస్తుంది అనుకున్నా విజిటర్ వీసా 185, దానిమీద 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టంలో 250 డాలర్ల వీసా ఇంటెగ్రిటీ ఫీజు అని ఒకటి రాశారు, రూల్సు తప్పకుండా టైముకి తిరిగొచ్చేస్తే వెనక్కి ఇవ్వొచ్చట. ఇవ్వొచ్చు అన్న మాటని మా ఊరి చిట్‌ఫండు సభ్యులకి చూపిస్తే వాళ్ళే చెప్తారు అర్థం.

మా వీధిలోనే సూరత్ మగ్గాల పనికి వెళ్ళే కుర్రాళ్ళున్నారు, జనరల్ బోగీలో నిలబడి వెళ్తారు, అక్కడ కుదురుకుంటే పెళ్ళాన్ని తీసుకెళ్తారు, ఎవడికీ అర్జీ పెట్టక్కర్లేదు. దేశం దాటడం వేరు, నిజమే, దేశాలకి ఎవర్ని రానివ్వాలో చూసుకునే హక్కు ఉంది. రానివ్వం అంటే రానివ్వం అని చెప్పాలి. వస్తావేమో, ఇరవై ఏళ్ళ తర్వాత చూద్దాం, ఈలోపు డబ్బు కట్టు అనడం నాకు మింగుడు పడట్లేదు.

నన్నడిగితే ఐ-130 ఫీజుని రెండుగా కొయ్యాలి, లైన్లో పేరు రాసుకోవడానికి చిన్న మొత్తం, వంతు వచ్చి ఫైలు తెరిచినప్పుడు మిగతాది. వంతు వచ్చేసరికి పిల్లలు లెక్కలోంచి పోతే ఆ మేరకు తగ్గించాలి. పర్మిట్ల ఫీజుని మళ్ళీ ఐ-485లో కలపాలి, కనీసం రెన్యూవల్స్ వరకైనా. చేస్తారా అంటే చెయ్యరు, ఈ ఫీజులు కట్టేవాళ్ళలో చాలామందికి అక్కడ ఓటు లేదు, మావయ్య లాంటోళ్ళకైతే అసలే లేదు.

జిరాక్స్ షాపులో మావయ్య బిల్లు వెనక 325, 325, 120 అని ఒకదాని కింద ఒకటి రాయించుకున్నాడు నాతో. కింద 770, దాన్ని 90తో హెచ్చవేస్తే 69,300. పిన్ని నేను కడతానన్నయ్యా అని ఫోన్లో అందట, వద్దన్నాడు, చెల్లెలి డబ్బుతో ఎలా ఎక్కుతాను అని. ఇంటర్వ్యూ ముంబైలో, కోణార్క్ ఎక్కితే ఒకటిన్నర రోజు. మెయిలొచ్చిన ఏడాదిలోగా ఏదీ కదపకపోతే పిటిషన్ రద్దయ్యే ప్రమాదం ఉంది మావయ్యా అని చెప్పాను.

"ఏడాది ఉంది కదా" అన్నాడు, "దసరా కానీ, సీరల సీజను."